తీగ మీద బొమ్మ

టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ నడిపే పరిజ్ఞానాన్ని మొదట తయారుచేసింది ఇంటింటికీ సినిమాలు పంపడానికే. ఇంటర్నెట్ ఆ తర్వాత వచ్చి అందులో చేరింది. 1980ల చివర్లో, అమెరికాలోని ప్రాంతీయ టెలిఫోన్ కంపెనీల ఉమ్మడి పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లో జోసెఫ్ లెక్‌లైడర్ అనే ఇంజినీరు ఒక పాత చిక్కుకు విరుగుడు కనిపెట్టారు. ఎక్స్ఛేంజ్ నుంచి బయల్దేరే లావుపాటి కేబుల్‌లో వందల జతల రాగి తీగలు ఒకదాన్నొకటి ఆనుకుని పోతాయి. ఒక జతలోని సంకేతం పక్క జతలోకి చొరబడుతుంది. వెనకటి రోజుల్లో ఫోన్ ఎత్తగానే ఎవరివో మాటలు లీలగా వినబడేవి, కారణం ఇదే. వేగం పెంచేకొద్దీ ఈ చొరబాటు ఎక్కువవుతుంది. రెండు వైపులా ఒకే వేగం కావాలని పట్టుబట్టకుండా, ఇంటికి వచ్చే దారిని వెడల్పు చేసి, ఇంటి నుంచి పోయే దారిని సన్నగా ఉంచితే చొరబాటు బాగా తగ్గుతుందని లెక్‌లైడర్ చూపించారు. ఈ పరిజ్ఞానానికి పెట్టిన ఏడీఎస్‌ఎల్ అనే పేరులో మొదటి అక్షరానికి అర్థం ఈ హెచ్చుతగ్గులే.

ఈ ఏర్పాటు వెనక విద్యుత్ లెక్క ఎంత ఉందో మనుషుల మీద పెట్టుకున్న అంచనా కూడా అంతే ఉంది. ఇంట్లోవాళ్లు చూస్తారు, వింటారు. తిరిగి పంపేది ఒకటో రెండో మీటల నొక్కుడు మాత్రమే, ఫలానా సినిమా కావాలి, ఆపు, మళ్లీ నడుపు. అంతమాత్రానికి సన్నదారి చాలు. టెలిఫోన్ కంపెనీలు ‘ఇంటరాక్టివ్ వీడియో’ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్న ముఖాముఖి ఇంతే. తర్వాత ముప్పై ఏళ్లలో ఈ సేవలకు ఏం జరిగిందో చూడాలంటే ఆ సన్నదారి మీదే కన్నుంచాలి.

తీగలో జరిగేది తేలికగానే చెప్పుకోవచ్చు. మనిషి గొంతు మోయడానికి టెలిఫోన్ లైను వాడుకునేది 4 కిలోహెర్ట్జ్ లోపు భాగమే. దానిపైన రాగి తీగ ఖాళీగా పడి ఉంటుంది. ఏడీఎస్‌ఎల్ ఆ ఖాళీని పంచుకుంది: సుమారు 25 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా ఇంటి నుంచి పైకి, 138 నుంచి 1,104 దాకా ఇంటికి కిందికి. గొంతునూ డేటానూ విడదీయడానికి గోడకు ఒక చిన్న డబ్బా తగిలిస్తారు, అదే స్ప్లిటర్. తొలి ఏడీఎస్‌ఎల్ లక్ష్యం అయిదున్నర కిలోమీటర్ల రాగి మీద 1.5 ఎంబీపీఎస్. వీడియో సీడీలో సినిమా నడిచే వేగం కూడా దాదాపు అంతే. ఆ రెండు అంకెలు కలవడంతోనే టెలిఫోన్ కంపెనీలకు ఆశ పుట్టింది. తీగలు అప్పటికే ఇళ్లలోకి వెళ్లి ఉన్నాయి, గుంతలు తవ్వే పని లేదు, కేబుల్ టీవీవాళ్ల వ్యాపారం తమ చేతికి వస్తుంది.

1992లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ‘వీడియో డయల్‌టోన్’ పేరుతో టెలిఫోన్ కంపెనీలు తమ తీగల మీద ఇతరుల వీడియోలు మోయడానికి అనుమతి ఇచ్చింది. 1993లో టెలిఫోన్ కంపెనీ బెల్ అట్లాంటిక్ వర్జీనియాలో సొంత ఉద్యోగుల ఇళ్లలో సినిమాలు పంపి చూసింది. అదే ఏడాది పసిఫిక్ బెల్ కాలిఫోర్నియా అంతటా కొత్త నెట్‌వర్క్ వేయడానికి 1,600 కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రకటించింది. బెల్ అట్లాంటిక్, కేబుల్ కంపెనీ టీసీఐ కలిసిపోతున్నట్టు అక్టోబరులో చెప్పారు, నాలుగు నెలలు దాటగానే ఆ పొత్తు చెడింది. ప్రకటనలన్నిటిలోనూ జాబితా ఒకటే: కోరిన సినిమా, ఇంటి నుంచి కొనుగోళ్లు, దూరవిద్య, డాక్టరు సలహా. సినిమాలు దాచే సర్వర్ల ఖరీదు మోయలేనంత, పక్క వీధిలో వీడియో క్యాసెట్ అద్దె మాత్రం రెండు మూడు డాలర్లు. 1990ల మధ్యకు పెద్ద పథకాలన్నీ మూతబడ్డాయి. అప్పుడే వెబ్ జనంలోకి వచ్చింది. సినిమాల కోసం చేసిన మోడెం ఇంటర్నెట్‌కు అక్కరకొచ్చింది.

పసిఫిక్ బెల్ వేల కోట్లు లెక్కగడుతున్న నాటికి భారతదేశంలో టెలిఫోన్ ప్రభుత్వ శాఖ. 1994 జాతీయ టెలికాం విధానం పెట్టుకున్న గురి 1997 కల్లా దేశంలోని గ్రామాలన్నిటికీ టెలిఫోన్ చేరాలని. ఇంటికొకటి కాదు, ఊరికొకటి. కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. కర్నూలు జిల్లా పశ్చిమాన ఆదోని, ఎమ్మిగనూరు రెండింటికీ ఎస్టీడీ కోడ్ ఒకటే, 08512. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర, ఎమ్మిగనూరులో చేనేత బట్ట బేరం ఆ కోడ్ మీదుగానే హైదరాబాద్‌కూ బొంబాయికీ పోయేవి. బజారులోని పసుపుపచ్చ బోర్డు ఎస్టీడీ బూతులో మీటరు తిరుగుతుంటే అంకెల వైపు చూస్తూ గబగబా మాట్లాడటం ఒక తరానికి అలవాటైపోయింది.

ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్రకు దక్షిణంగా ఉన్న మండల కేంద్రం నందవరం. చౌడేశ్వరీ దేవి గుడి ఉన్న బనగానపల్లె దగ్గరి నందవరం వేరు, అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఈ నందవరం మండలం నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ, వానను నమ్ముకున్న సేద్యం. నది పక్కనే పారుతున్నా నీరందే పొలాలు తక్కువ. 2009 అక్టోబరు వరదకు ఈ మండలంలోని నాగలదిన్నె దగ్గర తుంగభద్ర వంతెన కొట్టుకుపోయింది. బ్రాడ్‌బ్యాండ్ ప్రణాళికలను ఇలాంటి మండలంలో పెట్టి చూస్తేనే వాటి బలమూ బలహీనతా తేలతాయి. నగరంలో ఏ పథకమైనా ఏదో ఒకలా నడుస్తుంది.

గ్రామీణ టెలిఫోన్‌కు ప్రాణం పోసింది సీ-డాట్. 1984 ఆగస్టులో పుట్టిన ఈ ప్రభుత్వ సంస్థ ఎండకు, దుమ్ముకు, వచ్చిపోయే కరెంటుకు తట్టుకునే చిన్న డిజిటల్ ఎక్స్ఛేంజ్‌ను తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఏసీ అక్కర్లేని ఆ యంత్రం ఒక చిన్న గదిలో ఇమిడిపోయేది. మండల కేంద్రాల్లో, పెద్ద ఊళ్లలో వందా రెండు వందల ఫోన్లకు సరిపడే ఎక్స్ఛేంజీలు ఇలా వచ్చినవే. ఇది మన దేశపు ఇంజినీర్లు సాధించిన అసలైన ఘనత, దాన్ని తక్కువ చేసి చూడటానికి లేదు.

అయితే ఆ గది మాటల కోసం కట్టింది. చిన్న ఎక్స్ఛేంజ్ నుంచి పట్టణానికి పోయే దారిని ఈ-1 అంటారు. దాని సామర్థ్యం 2,048 కేబీపీఎస్. ఒక్కో మాటకు 64 చొప్పున ముప్పై రెండు గళ్లు, అందులో రెండు యంత్రాల సొంత పనికి, మిగతా ముప్పై జనం మాటలకు. ఊళ్లో రెండు వందల ఫోన్లున్నా ఒకే సమయంలో బయటి ఊరితో మాట్లాడేది పదిమందో పాతికమందో కాబట్టి ఒక ఈ-1 చక్కగా సరిపోయేది. ఇప్పుడు అదే దారి మీద సినిమా పెట్టి చూడాలి. వీడియో సీడీ నాణ్యతతో ఒక్క ఇంట్లో ఒక్క బొమ్మ నడిస్తే ఆ ఈ-1లో నాలుగింట మూడొంతులు నిండిపోతుంది. రెండో ఇంట్లో టీవీ పెట్టే వీలే లేదు. ఇంటికి ఎంత వేగం అన్నదే ప్రకటనల్లో కనబడుతుంది. ఎక్స్ఛేంజ్ వెనక ఎంత ఉందన్నదే పల్లె బ్రాడ్‌బ్యాండ్ బతుకును నిర్ణయించింది.

రెండో అడ్డంకి నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి దూరేంత పగుళ్లిస్తుంది. అందులో పాతిన కేబుల్‌ను ఏడాదికోసారి లాగి వదిలినట్టవుతుంది. అతుకుల దగ్గర సందు పడి తేమ చేరుతుంది. మాటకు ఆ తేమ పెద్ద ఇబ్బంది కాదు, కాస్త గరగరమంటుంది, అంతే. ఏడీఎస్‌ఎల్ వాడే పై పౌనఃపున్యాలకు మాత్రం చెమ్మెక్కిన అతుకు గోడలాంటిది. పైగా దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. ఎక్స్ఛేంజ్ పక్కింట్లో పూర్తి వేగం, నాలుగు కిలోమీటర్లు దాటితే అందులో కొంత, అయిదున్నర దాటితే దాదాపు ఏమీ ఉండదు. పల్లెలు ఒకదానికొకటి దూరంగా విసిరేసినట్టుండే పశ్చిమ కర్నూలులో మండల కేంద్రంలో పరికరం పెట్టినా చుట్టుపక్కల ఊళ్లు దాని పరిధిలోకి రావు.

డేటావన్ రాత్రులు

2000 అక్టోబరు 1న టెలిఫోన్ శాఖ వ్యాపారం భారత సంచార్ నిగమ్ (బీఎస్‌ఎన్‌ఎల్) చేతికి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 2004 అక్టోబరులో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. 256 కేబీపీఎస్, ఆ పైన ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించింది. 2005 చివరికి 30 లక్షలు, 2007కి 90 లక్షలు, 2010కి 2 కోట్ల కనెక్షన్లు లక్ష్యం. బీఎస్‌ఎన్‌ఎల్ రాగి తీగలను ప్రైవేటు కంపెనీలకూ అద్దెకివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన మాటను విధానంలో తప్పనిసరి చేయలేదు. 2005 జనవరి 14న బీఎస్‌ఎన్‌ఎల్ ‘డేటావన్’ మొదలైంది. ముందు పెద్ద నగరాలు, తర్వాత జిల్లా కేంద్రాలు, ఆపైన ఆదోని వంటి పట్టణాల వంతు. ఎక్స్ఛేంజ్‌లో డీస్లామ్ అనే పెట్టె పెడతారు. వీధి లైన్లన్నీ అందులోకి వచ్చి, మాట ఒక వైపు, డేటా ఒక వైపు విడిపోతాయి.

కొత్త కనెక్షన్ వచ్చిన ఇంట్లో జరిగే తంతు ఆ రోజుల్లో అందరికీ గుర్తే. లైన్‌మన్ వచ్చి గోడకు స్ప్లిటర్ బిగిస్తాడు. ఒక వైరు ఫోనుకు, ఒక వైరు మోడెంకు. మోడెం మీద వరుసగా నాలుగైదు లైట్లు. అందులో డీఎస్‌ఎల్ అని రాసి ఉన్న లైటు కాసేపు మిణుకుమిణుకుమని, తర్వాత నిలకడగా వెలగాలి. ఇంటిల్లిపాదీ దాని ముందు నిలబడి చూసేవాళ్లు. అది నిలబడితే నెట్ వచ్చినట్టు. వానాకాలంలో ఆ లైటు మళ్లీ మిణుకుమనడం మొదలుపెడితే ఎక్కడో జాయింట్‌లోకి నీళ్లు పోయాయని పిల్లలకు కూడా తెలిసిపోయేది.

తొలి పథకాల్లో నెలకు 400 ఎంబీ వాడకానికి మించితే అదనపు బిల్లు పడేది. వీడియో సీడీ సినిమా ఒకటి సుమారు 700 ఎంబీ. అంటే సినిమాల కోసం పుట్టిన తీగ మీద నెలంతటికీ ఒక్క సినిమా కూడా పట్టదు. తర్వాత వచ్చిన అయిదు వందల రూపాయల పథకంలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలేదన్నారు. 256 కేబీపీఎస్ అంటే సెకనుకు 32 కిలోబైట్లు. ఆరు గంటలకు లెక్కవేస్తే 690 ఎంబీ చిల్లర, దాదాపు ఒక సీడీ. రెండింటికి అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ మొదలుపెట్టి పడుకోవడం, తెల్లారి లేచి ఎంత శాతం అయిందో చూసుకోవడం కాలేజీ పిల్లలకు నిత్యకృత్యమైంది. ఆ ఆరు గంటల్లో కరెంటు పోకుండా ఉండాలి, లైటు మిణుకుమనకుండా ఉండాలి. కోరిన సినిమా కోరిన వెంటనే అన్న 1993 నాటి మాట ఇక్కడికి చేరేసరికి రాత్రంతా కాపలా కాసి తెచ్చుకునే పంటలాంటిదైంది. అయినా ఆ పిల్లలు పడిన శ్రమ చూస్తే, బొమ్మ మీద కోరిక ఎంత గట్టిదో కంపెనీల సర్వేల కంటే బాగా తెలుస్తుంది.

2007 జనవరి నుంచి పాత ధరకే వేగాన్ని 2 ఎంబీపీఎస్ దాకా పెంచారు. దాంతో టీవీ పంపే ఆలోచన మళ్లీ లేచింది.

ఐపీటీవీ

కేబుల్ టీవీలో చానళ్లన్నీ ఒకేసారి ఇంటిదాకా వస్తాయి, టీవీ వాటిలో ఒకటి ఎంచుకుంటుంది. టెలిఫోన్ తీగలో అంత చోటు లేదు. అందుకని ఆ తీగ మీద నడిచే టీవీ అయిన ఐపీటీవీలో ఎంపిక ఎక్స్ఛేంజ్ దగ్గరే జరుగుతుంది. రిమోట్ నొక్కగానే ఇంటి బాక్సు ఫలానా చానల్ కావాలని పైకి కబురు పంపుతుంది, ఆ ఒక్క చానలే తీగ మీదికి వస్తుంది. ఒకే చానల్‌ను వందమంది చూస్తున్నా వెనక దారిలో ఒక్క ప్రతే ప్రయాణించి, చివరి డీస్లామ్ దగ్గర వంద కాపీలవుతుంది. దీన్ని మల్టీకాస్ట్ అంటారు. కోరిన సినిమాకు ఈ సదుపాయం లేదు, ఎవరి బొమ్మ వాళ్లదే, ఎవరి దారి వాళ్లకే కావాలి. 2003లో స్థిరపడిన హెచ్.264 కుదింపు పద్ధతి వచ్చాక మామూలు టీవీ బొమ్మ 2 ఎంబీపీఎస్‌లో ఇమిడింది. అంతకు ముందు ఎంపెగ్-2కు దాదాపు రెట్టింపు కావలసి వచ్చేది.

ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ ఎంటీఎన్ఎల్ 2006లో అక్ష్ ఆప్టిఫైబర్ అనే కంపెనీతో కలిసి ఢిల్లీ, ముంబైలలో ఐపీటీవీ తెచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా ఫ్రాంచైజీ సంస్థల ద్వారా ఎంచుకున్న నగరాల్లో మొదలుపెట్టింది. నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపి మళ్లీ చూడటం, దాటిపోయిన సీరియల్‌ను వెనక్కి వెళ్లి చూడటం, ఇవే ఆకర్షణలు. ఈ సేవ ఎవరు, ఏ నియమాలతో నడపాలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది 2008 సెప్టెంబరులో. అప్పటికే డిష్ టీవీ అయిదేళ్లుగా, టాటా స్కై రెండేళ్లుగా ఇంటి మీద గొడుగు తిప్పి ఆకాశం నుంచి టీవీ ఇస్తున్నాయి. నందవరం మిద్దె మీద డీటీహెచ్ గొడుగు పెట్టడానికి ఎక్స్ఛేంజ్ అక్కర్లేదు, ఈ-1 అక్కర్లేదు, నల్లరేగడిలో జాయింట్ తడుస్తుందన్న దిగులు లేదు. డబ్బున్న నెల రీచార్జ్ చేసుకోవచ్చు, లేని నెల ఊరుకోవచ్చు.

హాంకాంగ్‌లో ఇదే ప్రణాళిక గెలిచింది. అక్కడి టెలిఫోన్ కంపెనీ 1998లో ఇంటరాక్టివ్ టీవీ పెట్టి చేతులు కాల్చుకుంది. అయినా దాని వారసురాలు పీసీసీడబ్ల్యూ 2003లో మళ్లీ ప్రయత్నించి కొన్నేళ్లలోనే ప్రపంచంలో పెద్ద ఐపీటీవీ సంస్థల్లో ఒకటైంది. అక్కడ అపార్ట్‌మెంట్ల కింది దాకా ఫైబర్ ఉంది, రాగి తీగ కొన్ని వందల మీటర్లే. ఒక్కో భవనంలో వందల ఇళ్లు. కావలసిన చానల్‌కే డబ్బు కట్టే పద్ధతి. పరిజ్ఞానం ఒకటే, నేల వేరు.

సుగ్గి

పల్లెలకు తీగ బ్రాడ్‌బ్యాండ్ చేర్చడానికి 2009 జనవరిలో కేంద్ర సార్వత్రిక సేవా నిధి బీఎస్‌ఎన్‌ఎల్‌తో ఒప్పందం చేసుకుంది. అయిదేళ్లలో 8,88,832 కనెక్షన్లు, కనీస వేగం 512 కేబీపీఎస్, గ్రామీణ ఎక్స్ఛేంజీల్లో డీస్లామ్‌లు. కనెక్షన్‌కు, మోడెంకు రాయితీ ఇచ్చింది. కానీ ఈ పథకమైనా, దానికి ముందున్నవైనా, ఇంట్లో ఏడాది పొడవునా మనిషి ఉంటాడన్న లెక్క మీద కట్టినవే. నెలవారీ అద్దె అంటే అర్థం అది.

పశ్చిమ కర్నూలులో ఆ లెక్క నిలవదు. ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, చలికాలం తిరిగేసరికి ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి ప్రాంతాల పల్లెలు సుగ్గికి బయల్దేరతాయి. గుంటూరు, పల్నాడు చేలలో మిరపకాయ కోతకు కుటుంబాలకు కుటుంబాలే లారీలు, ట్రాక్టర్లు, బొలేరోలు ఎక్కుతాయి. మరికొందరు బెంగళూరుకు, కట్టుబడి పనులకు. బియ్యం, వంటపాత్రలు, దుప్పట్లు, పసిపిల్లలు వెంట. ఇంటికి తాళం. ముసలివాళ్లు మాత్రం అరుగు మీద మిగులుతారు. బడి పిల్లలు వెంటపోకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. మూడు నాలుగు నెలలు తాళం వేసి ఉండే ఇంటికి నెలనెలా అద్దె కట్టి టెలిఫోన్ ఎవరూ ఉంచుకోరు. తీగ గోడకు వేలాడుతుంది, మనిషి గుంటూరు చేలో ఉంటాడు. ల్యాండ్‌లైన్ వెనకబడటానికి సెల్‌ఫోన్ చవకవడం ఒక కారణమని అందరూ చెబుతారు. ఈ ప్రాంతంలో అంతకు మించిన కారణం ఫోను మనిషి వెంట రావలసి రావడం.

స్తంభాల మీది ఫైబర్

టెలిఫోన్ కంపెనీ చేయలేనిది తానే చేస్తానని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావడం రెండుసార్లు జరిగింది. 2005 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం తలపెట్టిన బ్రాడ్‌బ్యాండ్ ప్రాజెక్టు జిల్లాలకు 10 జీబీపీఎస్, మండలాలకు 1 జీబీపీఎస్, గ్రామాలకు 100 ఎంబీపీఎస్ అన్నది. డేటావన్ 256 కేబీపీఎస్ ఇస్తున్న కాలానికి అది చాలా పెద్ద మాట. అది అనుకున్నట్టు పూర్తి కాలేదు. 2011 అక్టోబరులో కేంద్రం 2.5 లక్షల పంచాయతీలకు ఫైబర్ వేసే ఎన్ఓఎఫ్ఎన్‌ను ఆమోదించింది. ప్రయోగాత్మకంగా తీసుకున్న మూడు బ్లాకుల్లో ఒకటి అప్పటి విశాఖ జిల్లా పరవాడ. తర్వాత దాని పేరు భారత్‌నెట్.

రెండో ప్రయత్నం ఏపీ ఫైబర్‌నెట్. 2015లో సంస్థ ఏర్పడింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగాలన్నది దాని మూల ఆలోచన. సబ్‌స్టేషన్లలో యంత్రాలు పెట్టారు. లోహం లేని కేబుల్ కాబట్టి కరెంటు తీగల పక్కన కట్టినా ప్రమాదం లేదు. తవ్వకం ఖర్చూ, అనుమతుల కోసం తిరగడమూ మిగిలాయి. నల్లరేగడి ఉబ్బడం, పగలడం ఈ కేబుల్‌ను అంటవు. గాలివానకు స్తంభం ఒరిగితేనో, ఎత్తుగా లోడు వేసుకున్న లారీ తగిలితేనో తెగుతుంది. తెగింది కళ్లకు కనబడుతుంది కాబట్టి అతకడం తేలిక. 2016 డిసెంబరులో అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ఇంటింటికీ ఇచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న అమరావతిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని జాతికి అంకితం చేశారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ దాకా ఇంటర్నెట్, 250కి పైగా టీవీ చానళ్లు, ఒక టెలిఫోన్. 1993లో అమెరికా కంపెనీలు కలగన్న మూడు సేవలూ ఒకే బాక్సులో, ఒకే బిల్లులో.

చివరి అంచెను ఊరి కేబుల్ ఆపరేటర్‌కు అప్పగించారు. ఈ పథకంలో తెలివైన నిర్ణయం ఇదేనని చెప్పాలి. ఏ వీధిలో ఏ ఇల్లు, ఎవరు ఎప్పుడు డబ్బు కడతారు, సుగ్గికి పోయిన ఇంటివాళ్లు ఎప్పుడు తిరిగొస్తారు, ఇవన్నీ కేబుల్ ఆయనకు తెలిసినంత ఏ కార్పొరేట్ ఆఫీసుకూ తెలియవు. ఒక ఫైబర్‌లోని కాంతిని స్ప్లిటర్‌తో చీల్చి ముప్పై రెండో, అరవై నాలుగో ఇళ్లకు పంచుతారు. ఇళ్లన్నిటికీ కలిపి కిందికి 2.5 జీబీపీఎస్, పైకి 1.25 వస్తుంది. అంటే ఇక్కడ పైకి పోయే దారి కిందికి వచ్చేదాంట్లో సగం. ఏడీఎస్‌ఎల్ గరిష్ఠ వేగాల్లో అది దాదాపు ఎనిమిదో వంతే. 2023 జూన్‌లో ఇదే తీగ మీద, థియేటర్లో విడుదలైన రోజే కొత్త సినిమాను 99 రూపాయలకు ఇంట్లో చూపే ఏర్పాటు మొదలైంది. బెల్ అట్లాంటిక్ వర్జీనియాలో చేసి చూసిన పని ముప్పై ఏళ్ల తర్వాత ఆంధ్ర పల్లె కేబుల్‌లోకి వచ్చింది.

అయితే పశ్చిమ కర్నూలులో వీడియోను ఇంటింటి సంగతి చేసింది జేబులో ఫోనే. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది, డేటా ధర కుప్పకూలింది. అదే ఏడాది నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. టెలిఫోన్ కంపెనీలు వీడియో ఫోన్‌ను 1964లోనే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనానికి చూపాయి. ఖరీదు వల్ల అది నిలవలేదు, ఆ తర్వాతి ప్రణాళికల్లో దాని చోటు సినిమాలు తీసుకున్నాయి. మిరప చేలో కోత ఆపి, తలగుడ్డతో చెమట తుడుచుకుని ఫోన్ నిలువుగా పట్టుకునే ఆడమనిషి చూడాలనుకునేది సినిమా కాదు. హాస్టల్లో ఉన్న కూతురు కనబడాలి, అరుగు మీది అవ్వకు చంటిపిల్లాడిని చూపించాలి. ‘అవ్వా, చూడు, కనబడుతున్నాడా?’ అన్నప్పుడు బొమ్మ ఆగి ఆగి వస్తే, చాలాసార్లు లోపం అవ్వ ఫోన్‌లో ఉండదు, చేలో పట్టుకున్న ఫోన్ నుంచి పైకి పోవలసిన దారిలో ఉంటుంది. ఒక మామూలు వీడియో కాల్‌కు రెండు వైపులా సమానంగా అర ఎంబీపీఎస్ నుంచి ఒక ఎంబీపీఎస్ దాకా కావాలి. లెక్‌లైడర్ లెక్కలో ఒకటి రెండు మీటల నొక్కుడుకు వదిలిన దారి మీద ఇప్పుడు మనిషి ముఖమే ప్రయాణించాలి. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాలకు, ఇప్పుడు ఇంటి నుంచి చేసే ఉద్యోగాలకు, ఫోన్‌లోనే చూసే డాక్టరుకు ఈ సంగతే వర్తిస్తుంది.

ఏ వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలో దేశంలో ఇప్పటికి మూడుసార్లు నిర్ణయించారు. 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512, 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. ఇప్పటి నిర్వచనం ఇంటికి వచ్చే డౌన్‌లోడ్ వేగం గురించే చెబుతుంది. ఇంటి నుంచి పైకి పోయే వేగం కనీసం ఇంత ఉండాలన్న షరతు అందులో లేదు.